డైట్ కోలా కొనేముందు డబ్బా వెనక్కి తిప్పి 338 ఉందేమో చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: చిత్తూరులో ఉండే మీ నాయనకు 62 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగరు, ఇప్పుడు కిడ్నీ జబ్బు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 3.1, పొటాషియం 5.4, ఫాస్ఫరస్ 5.2. డయాలసిస్ ఇంకా మొదలు కాలేదు, కాళ్లకు నీరు దిగలేదు, మూత్రం బాగానే వస్తోంది. మధ్యాహ్నం సంగటి తిన్నాక థమ్సప్ తాగే అలవాటు ఉంటే, అందులో చక్కెర ఉంటుందని అది మాన్పించి రోజుకొక డైట్ కోక్ డబ్బా ఇస్తున్నారు. ఇది పరవాలేదా, మానాలా, ఇంకేదైనా మేలా? ఎండల్లో నన్నారి (సుగంధి వేళ్ల షర్బత్), టెంకాయ నీళ్ల సంగతేంటి?

ముందు జవాబు చెప్పేస్తాను. రోజూ డైట్ కోక్ వద్దు. వారానికి ఒకటి రెండు సార్లు, నల్లది కాకుండా రంగులేని నిమ్మ రుచి జీరో షుగర్ డ్రింకు, ఒకసారికి 200 మి.లీ. లోపు అయితే ఆయనకు ఇప్పుడున్న రిపోర్టులతో పెద్ద ఇబ్బంది లేదు. టెంకాయ నీళ్లు మాత్రం పొటాషియం తగ్గేదాకా పూర్తిగా ఆపేయండి. మీరు భయపడాల్సింది డైట్ కోక్ కంటే దానికే.

ఇక ఎందుకో చూద్దాం.

సీసా మీద డైట్ అని ఉన్నా, జీరో అని ఉన్నా ఆ మాట చెప్పేది చక్కెర గురించి మాత్రమే. మామూలు కూల్‌డ్రింకులో 100 మి.లీ.కి సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది, డైట్‌లో ఉండదు. షుగరున్న మనిషికి అది మంచి మార్పే, దాన్ని కాదనను. కానీ కిడ్నీ అడిగే ప్రశ్నలు వేరే ఉన్నాయి: ఫాస్ఫరస్ ఎంత, పొటాషియం ఎంత, సోడియం ఎంత, మొత్తం నీళ్లు ఎన్ని. వీటిలో ఒక్కదానికీ సీసా ముందువైపు జవాబుండదు. వెనకవైపు పట్టికలో కూడా సోడియం అంకె ఉంటుంది గానీ ఫాస్ఫరస్, పొటాషియం వేయాలన్న నిబంధన లేదు, కాబట్టి చాలా కంపెనీలు వేయవు. మనకు మిగిలిన ఆధారం పదార్థాల వరుసలో బ్రాకెట్లలో వేసే నంబర్లే.

కోలాల్లో పులుపు దాదాపు ఎప్పుడూ ఫాస్ఫారిక్ యాసిడ్‌తోనే వస్తుంది. దాని నంబరు 338. డైట్ కోక్, కోక్ జీరో, పెప్సీ బ్లాక్, ఏ పేరుతో వచ్చినా థమ్సప్, అన్నీ ఆ కుటుంబమే. నిమ్మ రుచి తెల్ల డ్రింకుల్లో పులుపుకు సిట్రిక్ యాసిడ్ వాడతారు, అది 330. నల్లదా తెల్లదా అని చూడమనడం అందుకే. కానీ రంగును నమ్మి ఊరుకోకండి. ఆరెంజ్ రుచివాటిలో, ఐస్‌డ్ టీ సీసాల్లో, స్పోర్ట్స్ డ్రింకుల్లో, నీళ్లలో కలుపుకునే పొడుల్లో కూడా ఫాస్ఫేట్ ఉప్పులు ఏదో ఒక పనికి వేస్తుంటారు. గుర్తు పెట్టుకోవాల్సినవి 338 నుంచి 343 దాకా, తర్వాత 450, 451, 452. ఇవి ఉంటే ఆ సీసా అంగట్లోనే వదిలేయండి. వీటి పక్కింటి నంబర్లు 330, 331, 332 చూసి కంగారు పడొద్దు, అవి వేరే: సిట్రిక్ యాసిడ్, సోడియం సిట్రేట్, పొటాషియం సిట్రేట్. ఆఖరిది మాత్రం పొటాషియం ఎక్కువున్న వాళ్లకు మంచిది కాదు, పొటాషియం ఫాస్ఫేట్ అయిన 340 లాగే.

ఇంగ్లీషు చదవలేని పెద్దవాళ్లకూ ఇది పనికొస్తుంది, అంకెలు అందరికీ ఒకటే కదా. వద్దన్న ఆ తొమ్మిది నంబర్లు (338 నుంచి 343, 450 నుంచి 452) ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. డబ్బా మీది అక్షరాలు చీమతలకాయంత ఉంటాయి, అంగట్లోనే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూసుకోవడం మేలు.

ఇప్పుడు మీకు ఒక సందేహం రావాలి, రాకపోతే నేనే చెబుతాను. 300 మి.లీ. కోలాలో ఫాస్ఫరస్ మహా అయితే 25 నుంచి 50 మి.గ్రా. కిడ్నీ జబ్బులో రోజుకు 800 నుంచి 1000 మి.గ్రా. లోపు ఉంచమంటారు. ఆయన తినే సంగటిలో 100 గ్రాముల రాగిపిండి పడితే దాంట్లోనే 200 మి.గ్రా. పైన ఫాస్ఫరస్ ఉంది, పక్కన చెనక్కాయల ఊరుబిండి ఉంటే ఇంకా ఎక్కువ. మరి సంగటి తినొచ్చట గానీ కోలా వద్దా?

తేడా అంకెలో కాదు, ఒంటికి పట్టడంలో ఉంది. గింజల్లో, పప్పుల్లో ఫాస్ఫరస్ ఫైటేట్ అనే రూపంలో బిగుసుకుని ఉంటుంది. దాన్ని విడదీసే ఎంజైము మన పేగుల్లో తగినంత లేదు కాబట్టి సగమో, సగం కంటే తక్కువో ఒంటికి పడుతుంది, మిగతాది విరేచనంలో పోతుంది. కోలాలో కలిపిన ఫాస్ఫేట్ ముందే నీళ్లలో కరిగి ఉంటుంది, అది 90 శాతం దాకా రక్తంలోకి వెళ్లిపోతుంది. పైగా సంగటితో పాటు పిండి, పీచు, మాంసకృత్తులు వస్తాయి. కోలాతో ఏమీ రాదు. తీసేస్తే ఒంటికి ఏ లోటూ లేని ఫాస్ఫరస్‌ను ముందు తీసేయాలి, తిండి మీద చెయ్యి వేయడం ఆ తర్వాత. 5.2 అంటే మామూలు హద్దు 4.5 దాటింది. అక్కడి నుంచి పెరిగేకొద్దీ దురద, ఎముకల్లోంచి క్యాల్షియం లాగేయడం, రక్తనాళాల గోడల్లో సున్నం పేరుకోవడం. ఇవి మెల్లగా జరిగేవి, ఒక డబ్బాతో వచ్చేవి కావు. రోజుకొకటి అన్నప్పుడే లెక్కలోకి వస్తుంది.

రోజుకు రెండు, అంతకంటే ఎక్కువ కోలాలు తాగేవాళ్లలో కిడ్నీ జబ్బు దాదాపు రెట్టింపు కనిపించిందని 2007లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. మామూలు కోలాకైనా డైట్ కోలాకైనా అదే ఫలితం, కోలా కాని కూల్‌డ్రింకులకు ఆ సంబంధం కనపడలేదు. కోలానే కారణమని అది నిరూపించలేదు, తాగేవాళ్ల మిగతా అలవాట్లూ ఉంటాయి. కానీ మనం ఎటు మొగ్గాలో చెప్పడానికి సరిపోతుంది.

ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర వేసుకుంటున్నాం కదా, కోలా తాగినా పరవాలేదని కొందరు అనుకుంటారు. సెవలమర్, క్యాల్షియం అసిటేట్ లాంటివి అన్నంతో పాటు కడుపులో ఉన్నప్పుడే పనిచేస్తాయి. ఒక్కో మాత్ర పట్టి ఆపేది కొన్ని పదుల మిల్లీగ్రాములే, అది కూడా ఆ పూట భోజనానికే చాలదు. సాయంత్రం నాలుగింటికి వట్టి కడుపున తాగిన కోలా దగ్గర మధ్యాహ్నం మాత్రకు పనేముంది?

తియ్యదనం కోసం వేసేవాటి గురించి భయం ఎక్కువ, విషయం తక్కువ. 951 అంటే ఆస్పర్టేమ్, 950 ఎసిసల్ఫేమ్ పొటాషియం, 955 సుక్రలోజ్, 960 స్టీవియా. ఆస్పర్టేమ్‌కు రోజువారీ హద్దు కిలో బరువుకు 40 మి.గ్రా. అని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల కమిటీ మళ్లీ చూసి అలాగే ఉంచింది. ఒక డబ్బాలో 200 నుంచి 300 మి.గ్రా. ఉందనుకుంటే 70 కిలోల మనిషి రోజుకు తొమ్మిది డబ్బాలు దాటితే గానీ ఆ గీత దగ్గరికి రాడు. 950 పేరులో పొటాషియం ఉంది కదా అని అడుగుతారు: బరువులో ఐదో వంతు పొటాషియమే, కానీ డబ్బాలో పడేది చిటికెలో చిటికె, పది మి.గ్రా. అటూఇటూ. ఒక అరటిపండులో 350 పైనే ఉంటుంది. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుక జబ్బున్నవాళ్లకు ఆస్పర్టేమ్ వద్దని డబ్బా మీదే రాస్తారు, అది మీకు సంబంధించింది కాదు.

ఇక సోడియం. డైట్ డ్రింకుల్లో 100 మి.లీ.కి సాధారణంగా 20 మి.గ్రా. దాటదు, ఇది పట్టికలో చూసుకోవచ్చు. అందరూ కూల్‌డ్రింకును తిట్టి, దాని బదులు బజారులో సాల్ట్ లెమన్ సోడా తాగుతారు చూడండి, అసలు తప్పు అక్కడ జరుగుతుంది. బండి దగ్గర నిలబడి ఒకసారి గమనించండి: గ్లాసులో నిమ్మచెక్క పిండి, డబ్బాలోంచి ఉప్పు చెంచాతో తీసి వేసి, సోడా పోయగానే నురగ పైకి పొంగుతుంది. ఆ చెంచాలో పావు వంతు వేసినా సుమారు 500 మి.గ్రా. సోడియం, సగం వేస్తే 1000. కిడ్నీ జబ్బులో రోజంతటికీ 2000 మి.గ్రా. లోపే ఉండాలి. అంటే ఆ ఒక్క గ్లాసు ఎనిమిది నుంచి పదహారు డైట్ డబ్బాల సోడియం మోసుకొస్తుంది. మసాలా సోడాలో నల్లుప్పు వేస్తారు, అది కూడా ఉప్పే. ఉప్పు తిన్నాక దాహం వేస్తుంది, దాహానికి ఇంకో సోడా. బీపీ మాత్రలు సరిగా వేసుకుంటున్నా బీపీ దిగదు.

కడుపుబ్బరానికి ఈనో కలిపి తాగే అలవాటుంటే అదీ ఇదే ఖాతాలోకి వస్తుంది. ఒక 5 గ్రాముల ప్యాకెట్టులో 800 మి.గ్రా. పైనే సోడియం. (రక్తంలో ఆమ్లం పెరిగిందని డాక్టరు రాసిన సోడాబైకార్బ్ మాత్రలు వేరు, వాటిని ఇది చదివి ఆపకండి.) తెల్ల గ్యాస్ట్రిక్ జెల్ సీసాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వాటిలో చాలావరకు అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. పాడైన కిడ్నీ వీటిని బయటికి పంపలేదు. ఆ జెల్ తాగి, వెంటనే నిమ్మరసమో సిట్రిక్ యాసిడ్ ఉన్న డ్రింకో తాగితే అల్యూమినియం మామూలు కంటే ఎన్నో రెట్లు ఒంటికి పడుతుంది. కాబట్టి కోలా మాని నిమ్మ రుచికి మారేవాళ్లు ఇంట్లో ఆ జెల్ సీసా ఉంటే ముందు దాన్ని తీసేసి, గ్యాసుకు ఏం వాడాలో డాక్టరును అడగాలి.

ఇంట్లోనే చేసుకునేది నన్నడిగితే అన్నిటికంటే మేలు. సీలున్న సాదా సోడా సీసా, వెనకాల సోడియం 100 మి.లీ.కి 20 లోపు ఉన్నది తీసుకోండి. 150 మి.లీ. సోడాలో అర నిమ్మకాయ రసం, దంచిన అల్లం కొద్దిగా, రెండు పుదీనా ఆకులు, తీపి కావాలంటే సుక్రలోజ్ బిళ్ల ఒకటి. ఉప్పు అసలొద్దు. అర నిమ్మకాయలో పొటాషియం 15, 20 మి.గ్రా. మించదు. సోడా ఫ్రిజ్‌లో బాగా చల్లబడి ఉండాలి, నిమ్మరసం గ్లాసులో ముందు వేసి సోడాను గ్లాసు అంచు మీదుగా పోయాలి. లేకపోతే గ్యాసంతా నురగయి పోయి చప్పగా తయారవుతుంది, ఆయన ఒక గుక్క తాగి థమ్సప్పే తెమ్మంటారు. భోజనం అయ్యాక ఆయనకు కావాల్సింది గొంతులో ఆ చురుకు. అది సోడా ఇస్తుంది, కోలానే కానక్కర్లేదు.

గోలీ సోడా, పన్నీర్ సోడా బాగుంటాయి, కానీ లేబుల్ లేనిదాంట్లో ఏ తీపి వేశారో, ఏ నీళ్లు పోశారో తెలియదు. షుగరున్నవాళ్లు పన్నీర్ సోడా జోలికి పోకపోవడమే మంచిది. కిడ్నీ మార్పిడి అయి ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు లేబుల్ లేని సోడా ఏదీ తాగకూడదు.

నన్నారి విషయం: మన వైపు ఎండాకాలం అది లేకుండా గడవదు, తెలుసు. బండి మీద 30 మి.లీ. సిరప్ పోస్తే సుమారు 20 గ్రాముల చక్కెర, ఆ పైన సబ్జా, నిమ్మ, సోడా. ఇబ్బంది చక్కెరతోనే. చక్కెర లేని సిరప్ సీసా దొరికితే పైన చెప్పిన నంబర్లతో చూసి, ఎప్పుడన్నా ఒక చెంచా సోడాలో వేసుకోవచ్చు. వేళ్లు తెచ్చి కషాయం కాచి రోజూ తాగడం మాత్రం వద్దు. క్రియాటినిన్ 3 దాటిన మనిషికి ఏ వేరు కషాయమైనా డాక్టరుకు తెలియకుండా ఇవ్వకూడదు.

టెంకాయ నీళ్లలో 100 మి.లీ.కి సుమారు 250 మి.గ్రా. పొటాషియం. ఒక కాయలో 300 మి.లీ. వస్తే 750. ఆయనకిప్పటికే 5.4 ఉంది. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు వాడుతుంటే అవి కూడా పొటాషియాన్ని పైకే తోస్తాయి. పొటాషియం 6 దాటితే గుండె కొట్టుకోవడం తప్పొచ్చు, చాలాసార్లు ముందుగా ఏ లక్షణమూ కనపడదు. చెరకు రసం, మామిడి రసం, బత్తాయి రసం అటు చక్కెరకూ ఇటు పొటాషియానికీ పనికిరావు. చిత్తూరు జిల్లాలో ఉంటూ తోతాపురి రసం వద్దనడం కష్టమే. "ఎలక్ట్రోలైట్" అని పేరు పెట్టుకున్న జీరో షుగర్ డ్రింకుల్లో పొటాషియం కావాలనే కలుపుతారు, కొన్నింట్లో ఫాస్ఫేట్ కూడా. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు లీటరుకు సోడియం 1700, పొటాషియం 780 మి.గ్రా. దాకా ఉంటుంది. అది వాంతులు విరేచనాలప్పుడు డాక్టరు చెప్తే తాగే మందు, ఎండకు తాగే డ్రింకు కాదు. పలచటి మజ్జిగ ఉప్పు లేకుండా ఒక గ్లాసు పరవాలేదు, పాలు పెరుగు లెక్కలో కలిపేసుకోండి.

నీళ్ల లెక్క మీ నాయనకు ఇప్పుడు అవసరం లేదు. మూత్రం బాగా వస్తూ వాపు లేనివాళ్లు దాహానికి తగ్గట్టు తాగాలి, ఎండాకాలం ఇంకాస్త ఎక్కువే. తాగేది మంచినీళ్లు కావాలి. చల్లటి డ్రింకు తాగాం కదా అని నీళ్లు తగ్గించడం తప్పు. అలిపిరి మెట్లు ఎక్కాలనుకుంటే 3550 మెట్లు, తెల్లవారకముందే మొదలుపెట్టి, నీళ్ల సీసా వెంట ఉంచుకుని, దారిలో ఉప్పు చల్లిన మామిడి ముక్కలు, సాల్ట్ సోడా పక్కన పెట్టాలి. వాంతులో విరేచనాలో మొదలైతే కొన్ని బీపీ, షుగరు మాత్రలు రెండు రోజులు ఆపాల్సి రావచ్చు, ఏవో ముందే డాక్టరును అడిగి రాసి పెట్టుకోండి.

డయాలసిస్ చేయించుకుంటూ ఇది చదివేవాళ్లకు లెక్క వేరు. నిన్న వచ్చిన మూత్రానికి 500 మి.లీ. కలిపితే వచ్చేదే ఈరోజు మొత్తం: నీళ్లు, కాఫీ, రసం, ఐసు ముక్కలు, కూల్‌డ్రింకు అన్నీ కలిపి. మూత్రం 300 వస్తే 800. అందులో ఒక 300 మి.లీ. డబ్బా తాగేస్తే రోజులో మూడో వంతు పైగా అయిపోయినట్టే, మిగిలిన 500లో మాత్రలకు నీళ్లు, అన్నంలోకి రసం అన్నీ సర్దుకోవాలి. డబ్బా తెరిస్తే మళ్లీ మూత పెట్టలేం కాబట్టి తాగేదాకా ఊరుకోరు. మూతున్న చిన్న సీసా కొని, 100 మి.లీ. పట్టే స్టీలు గ్లాసు ఒకటి గుర్తు పెట్టుకుని అందులోనే పోసుకోండి. పొట్టలోకి ద్రవం ఎక్కించే డయాలసిస్ చేసుకునేవాళ్లకు గ్యాసున్న డ్రింకులు కడుపును మరీ బిగించేస్తాయి, గ్యాసు పోయాక తాగాలి, లేదా మానాలి.

హోటళ్లలో, పెళ్లిళ్లలో డైట్ అడిగితే గ్లాసులో పోసి తెచ్చిందాన్ని నమ్మకండి, సీలున్న డబ్బా కళ్ల ముందు తెరిస్తేనే తీసుకోండి. నల్లగా ఉన్నవి అన్నీ ఒకేలా ఉంటాయి. పక్కన పెట్టే మిక్చరు, చిప్సు కూడా అంతే చెడ్డవి, డ్రింకుతో పాటు చెయ్యి దానిమీదికే పోతుంది.

ఆఖరుగా, ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే ఒక్క సందర్భంలో డైట్ డ్రింకు చేటు చేస్తుంది. కిడ్నీ తగ్గేకొద్దీ ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది, షుగరు ఉన్నట్టుండి పడిపోవడం ఎక్కువవుతుంది. చెమటలు, వణుకు, తికమక కనిపించి మీటరులో 70 లోపు చూపిస్తే ఇంట్లో చేతికందిన జీరో షుగర్ సీసా పోస్తే ఏ లాభమూ లేదు, అందులో చక్కెరే లేదు. బత్తాయి రసం వద్దు, పొటాషియం. మూడు టీస్పూన్ల చక్కెర అరగ్లాసు నీళ్లలో కలిపి ఇవ్వండి, లేదా మామూలు నిమ్మ రుచి కూల్‌డ్రింకు 150 మి.లీ. పదిహేను నిమిషాలకు మళ్లీ చూసి ఇంకా 70 లోపే ఉంటే అంతే మళ్లీ ఇవ్వాలి. ఆయన వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు వాడుతుంటే చక్కెర త్వరగా పనిచేయదు, గ్లూకోజ్ పొడే కావాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. ఇందుకోసం ఒక చిన్న మామూలు సీసా విడిగా పెట్టి, మూత మీద ఎర్ర దారం కట్టండి. ఫ్రిజ్‌లో రెండూ పక్కపక్కన ఉంటే ఆ కంగారులో ఏది ఏదో తెలియదు.